డాసునందు యూనిక్సు పరికరములు : వాని యవధులు

ఒక గ్రంథమునకు గల రెండు ప్రతులను సరిపోల్చి పాఠభేదములను గుర్తించుట, ఒక కావ్యమునందలి పదములనన్నింటిని అకారాదిగా గూర్చి ప్రయోగసంఖ్యతో సూచికను సిద్ధపఱచుట, ఒక శబ్దము గ్రంథమున నెచ్చటెచ్చట వచ్చినదో వెదకి చూపుట - ఈ మూడును సాహిత్యపరిశోధకునకు నిత్యకృత్యములు. పూర్వము పండితులు వీనికై యేండ్ల తరబడి చీటీలు వ్రాసి పేర్చుకొనుచుండిరి. కంప్యూటరు వచ్చిన పిదప నివి గడియలలో దెమలు పను లయ్యెను. ఈ పనులకు దగిన పరికరములలో మేలైనవి యూనిక్సు అను నిర్వహణవ్యవస్థయందు బుట్టినవి. అందు డిఫ్ అనునది రెండు ప్రతుల భేదమును జూపును, సార్ట్ పంక్తులను వరుసగా బేర్చును, యూనిక్ ఆవృత్తులను లెక్కించును, గ్రెప్ వెదకును.

కాని 1980వ దశకము నడుమ నుండి 1990వ దశకము తుదివఱకు మన దేశమున వ్యాపించిన చిన్న కంప్యూటరులలో విరివిగా నున్నది యూనిక్సు గాదు, డాసు. డాసుపై నీ పరికరములను నడపబూనినవారికి గొన్ని పనులు సాగినవి, కొన్ని సాగలేదు, మఱికొన్ని సాగినట్లే కనబడి తప్పు ఫలముల నిచ్చినవి. మొదటి రెండింటివలన హాని లేదు. మూడవదానివలన గ్రంథపాఠమే చెడును. ఆనాటి డిస్కులలో దాచిన పాఠములను నేడు వెలికి దీయువారును, పాత యంత్రములను మరల నడపువారును ఈ భేదములను మూలముతో నెఱుగుట యావశ్యకము.

యూనిక్సు 1969లో అమెరికాయందలి బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారిచే నారంభింపబడెను. 1973లో సీ అను భాషలో దిరుగ వ్రాయబడుటచే నది యొక్క యంత్రమునకే కట్టుపడక పెక్కు యంత్రములకు వ్యాపించెను. ఆ సంవత్సరముననే డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ప్రేరణచే, ఒక క్రమణిక యొక్క ఫలమును మఱియొక క్రమణికకు నేరుగా నందించు పైపు అను నాళము అందు జేర్చబడెను. ఒక్కొక్క పరికరము ఒక్క పనినే చక్కగా జేయవలయు ననియు, పెద్ద పనులు చిన్న పరికరముల కూర్పుచే సిద్ధింపవలయు ననియు యూనిక్సు వారి మతము. ఒక్కొక్క సూత్రము స్వల్పమై యుండియు, పరస్పరాపేక్షచే నన్నియు గలసి సమగ్ర వ్యాకరణ మగుట నెఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగా దోపదు.

డాసు పుట్టుక వేఱు. గ్యారీ కిల్డాల్ 1974లో నిర్మించిన సీపీఎం అను చిన్న వ్యవస్థ పోకడను బట్టి 1980లో టిమ్ పాటర్సన్ అనునతడు 8086 యంత్రమునకై యొక వ్యవస్థను వ్రాసెను. మైక్రోసాఫ్టు సంస్థ దానిని గొని, 1981లో వెలువడిన ఐబీఎం కంప్యూటరునకు సమకూర్చెను. ఒక యంత్రము, దానియెదుట నొక మనుష్యుడు, ఒకమాఱున కొక పని - ఇదియే దాని కల్పన. 1983లో వచ్చిన రెండవ రూపమున యూనిక్సును జూచి శాఖోపశాఖలైన డైరెక్టరీలు, నాళపు గుర్తు మొదలగునవి డాసునందు జేర్చిరి. ఆ కాలమున మైక్రోసాఫ్టువారే జెనిక్సు అను పేర యూనిక్సును గూడ విక్రయించుచుండిరి. కావున రెండింటికిని పైకి బోలిక గలదు. ఆ పోలికయే భ్రాంతికి మూలము.

ఈ సందర్భమును వ్యాకరణపరిభాషలో జెప్పుట సులభము. పాణినీయమున స్థానివద్భావ మను నియమము గలదు. ఒకదాని స్థానమున వచ్చిన యాదేశము మొదటిదానివలెనే కార్యములను బొందును. కాని వర్ణము నాశ్రయించి చేయవలసిన కార్యములయం దా యతిదేశము చెల్లదు. యూనిక్సు క్రమణికను డాసుపై నడపుట యిట్టిదే. యూనిక్సు స్థాని, డాసు ఆదేశము. క్రమణిక 'ఫైలును తెఱువుము' అనిన డాసు తెఱచును. 'వ్రాయుము' అనిన వ్రాయును. అక్షరమును, దాని లెక్కను, పేరులోని వర్ణభేదమును ఆశ్రయించిన చోట్ల మాత్ర మతిదేశము భంగపడును.

మొదట పేరుల విషయము. డాసునందు ఫైలు పేరునకు ఎనిమిది యక్షరములు, చుక్క తరువాత మఱి మూడు మాత్రమే చెల్లును. అంతకు మించినవానిని డాసు చెప్పక చేయకయే కత్తిరించును. ఆంధ్రమహాభారతము, ఆంధ్రమహాభాగవతము అను పేరులను రోమను లిపిలో వ్రాసినచో మొదటి యెనిమిది యక్షరములు 'ఆంధ్రమ' అనువఱకే వచ్చును. రెండు గ్రంథములకు నొకే పేరు సిద్ధించి, రెండవదానిని దాచునప్పుడు మొదటిది తుడిచిపెట్టబడును. యూనిక్సు గ్రంథములలో రెండు మూడు చుక్కలు గల పేరులును, చుక్కతో మొదలగు పేరులును సామాన్యములు. డాసునందు వానికి దావు లేదు. మఱియు డాసు కొన్ని పేరులను పరికరములకై యుంచుకొనినది. ఆక్స్, కాన్, నల్, పీఆర్‌ఎన్ అను పేరులతో నే డైరెక్టరీలోను, ఏ తోకతోను ఫైలు నుంచరాదు. యూనిక్సునుండి తెచ్చిన మూలగ్రంథములలో ఆక్స్ అను పేరు గల ఫైలున్నచో డాసు దానిని ఫైలుగా గాక తంత్రీద్వారముగా భావించును.

ఇంతకంటె సూక్ష్మమైనది పెద్ద చిన్న యక్షరముల భేదము. యూనిక్సునం దివి వేఱు వర్ణములు. డాసు పేరులనన్నింటిని పెద్ద యక్షరములుగానే నిలుపును. ఆంగ్లమునకు దీనివలన నంత నష్టము లేదు, తెలుగునకు గలదు. 1990వ దశకపు తొలి యేండ్లలో అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు తెలుగును రోమను లిపిలో వ్రాయుట కొక పద్ధతి నేర్పఱచిరి. ఆర్టీఎస్ అను పేర నది దేశవిదేశముల తెలుగువారిలో వ్యాపించెను. అందు చిన్న టీ తకారము, పెద్ద టీ టకారము. చిన్న డీ దకారము, పెద్ద డీ డకారము. చిన్న ఎన్ నకారము, పెద్ద ఎన్ ణకారము. చిన్న ఎల్ లకారము, పెద్ద ఎల్ ళకారము. దంత్యమునకును మూర్ధన్యమునకును గల భేదమంతయు నీ పెద్ద చిన్నల యందే నిలిచినది. కావున 'మాట', 'మాత' అను రెండు ఫైలులు యూనిక్సున వేర్వేరుగా నుండును. డాసున నొకటి రెండవదానిని మ్రింగును. 'కల', 'కళ', 'పాట', 'పాత', 'వాడు', 'వాదు' - అన్నిటికిని నిదే గతి.

పేరులతో నిది యాగదు. డాసుతో వచ్చు సార్ట్ అను పరికరము మూడవ రూపము మొదలు పెద్ద చిన్న యక్షరముల నొక్కటిగానే యెంచి పేర్చును. ఆర్టీఎస్ లో వ్రాసిన పదపట్టిక నిచ్చినచో త-టలు, ద-డలు, న-ణలు, ల-ళలు కలగలసిపోవును. పదసూచికకు యోగ్యమైన వరుస యందు రాదు. మఱియు నా సార్ట్ సుమారు 64 కిలోబైట్లకు మించిన ఫైలును బేర్పజాలదు. రోమను లిపిలో నొక వృత్తపద్యము ఇన్నూఱు బైట్లని యెంచినచో నిది మున్నూఱు పైచిలుకు పద్యములతో సరి. పదునెనిమిది పర్వముల భారతమున కది యెంత?

భారతీయభాషలకై యేర్పడిన ఇస్కీ అను సంకేతమును వాడినవారికి మఱియొక చిక్కు గలదు. 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడిన యీ సంకేతమున వర్ణములు ఇంచుమించుగ మన యకారాదిక్రమముననే యమర్పబడినవి. కేవలము సంఖ్యలను బట్టి పేర్చినచో మేలైన వరుసయే వచ్చును. కాని డాసు సార్ట్ 127కు పైబడిన సంఖ్యలను ఐరోపాభాషల చిహ్నయుక్తాక్షరములుగా దలచి పేర్చును. ఇస్కీలో 164 అకారము, 165 ఆకారము. డాసునందు మిక్కిలి వ్యాపించిన 437వ పట్టికలో నివి స్పానిషు భాషయందలి ఒక నకారము యొక్క చిన్న పెద్ద రూపములు. ఆ పట్టిక ననుసరించు సార్ట్ రెంటిని నకారముగానే యెంచును. అనగా అకార ఆకారములు భేదము లేక పోవును. యంత్ర మే దోషమును జూపదు. వరుస మాత్రము చెడియుండును.

ఇక నసలైన వర్ణాశ్రయకార్యము. యూనిక్సునందు పంక్తి ముగిసిన దనుటకు 10 అను నొక్క సంఖ్య చాలును. డాసున 13, 10 అను రెండు వలయును. ఒక ప్రతి యూనిక్సున, మఱియొక ప్రతి డాసున సిద్ధమైనచో, అక్షరమాత్రభేదము లేని రెండు ప్రతులును డిఫ్ కంటికి ప్రతి పంక్తియందును భిన్నములుగ గనబడును. పాఠభేదము లేని చోట వేలకొలది పాఠభేదములు పుట్టును; నిజమైన భేదము లేవో వానిలో మునిగిపోవును. ఈ కష్టమును దప్పించుటకు డాసు క్రమణికలు చదువునప్పుడు 13ను విడిచి, వ్రాయునప్పుడు చేర్చుట గలదు. దానితో నింకొక చిక్కు వచ్చును. వేయవ బైటునకు బొమ్మనిన క్రమణికకు చదివిన లెక్కయు డిస్కునందలి లెక్కయు నొకటి గావు. పంక్తుల సంఖ్య ననుసరించి లెక్క జాఱును. మఱియు సీపీఎం నాటినుండి 26 అను సంఖ్య గ్రంథసమాప్తికి గుర్తు. పాఠ్యముగా జదువబడు ఫైలు నడుమ నెక్కడనైన నా సంఖ్య పడినచో డాసు క్రమణిక యచటనే గ్రంథము ముగిసినదని నిలిచిపోవును. అక్షరరూపములను దాచు ఫాంటు ఫైలులు, కుదించిన ఫైలులు ఇట్లు సగములో దెగుట కద్దు.

నాళముల విషయమును కృష్ణాడెల్టా వారికి వేఱుగ బోధింప నక్కఱలేదు. విజయవాడయొద్ద బ్యారేజి తలుపు లెత్తగనే బందరు కాలువలోను, ఏలూరు కాలువలోను, రైవస్ కాలువలోను నీరు సాగును. ఎగువ లాకు దాటిన నీరు దిగువకు బోవుచుండగనే యెగువకు మరల నీరు వచ్చుచుండును. దిగువ వాడకము తగ్గి కాలువ నిండినచో నెగువ తలుపులు దింపుదురు. యూనిక్సు నాళ మిట్టి పాఱు కాలువ. రెండు క్రమణికలును ఏకకాలమున నడచును. నడుమ నుండునది చిన్న తొట్టి మాత్రమే. పూర్వపు యూనిక్సులలో దాని పరిమాణము 4096 బైట్లు. తొట్టి నిండినచో వ్రాయునది యాగును. ఒట్టిపోయినచో జదువునది యాగును. చదువునది తన పని ముగించి పోయినచో వ్రాయునదియు నిలుపబడును.

డాసున నాళపు గుర్తు కలదు గాని పాఱు నీరు లేదు. డాసు ఒకమాఱున కొక క్రమణికనే నడపును. కావున మొదటి క్రమణికను దుదివఱకు నడపి, దాని ఫలమునంతయు డిస్కుపై నొక తాత్కాలిక ఫైలులో నిలిపి, పిమ్మట రెండవదానిని బ్రారంభించి యా ఫైలును ద్రావించును. ఇది కాలువ కాదు, చెఱువు. చెఱువు నిండినదాక దిగువ పొలమునకు జుక్క నీరు రాదు. డిస్కునందు జోటు చాలకున్న గట్టు తెగినట్లే పని చెడును. 360 కిలోబైట్ల డిస్కుపై నాలుగు పరికరములను వరుసగా గూర్చినవారి కీ కష్టము తప్పదు. గ్రంథమునందలి మొదటి పది పంక్తులు చాలు ననిన యూనిక్సు అచ్చటితో నాగును. డాసు గ్రంథమునంతయు నడపి, పది పంక్తులను మాత్రము చూపును. ఎప్పటికిని ముగియని ధారను బుట్టించు క్రమణికయైనచో డాసున దిగువది యెన్నటికిని ప్రారంభమే కాదు.

యూనిక్సు క్రమణిక తనవంటి ప్రతిని దానే కల్పించుకొని, ఆ సంతానమున కొక పని యప్పగించి తాను వేఱొక పని చేయగలదు. దీనిని ఫోర్కు అందురు. తండ్రి తెఱచిన ఫైలులు, పరిసరములందలి విలువలు సంతానమునకు అనువృత్తిచే వచ్చును. డాసున నీ కార్యము లేనే లేదు. తల్లి క్రమణిక పిల్లను బిలిచినచో బిల్ల ముగియువఱకు దల్లి నిద్రించును. నిద్రించుచును జ్ఞాపకశక్తిలో దన చోటు నాక్రమించియే యుండును. ఆ చోటు స్వల్పము. 8086 యంత్రమున కందు మొత్తము పది లక్షల బైట్లకు గొంచెము పైన. అందు గ్రమణికలకు 640 కిలోబైట్లు మాత్రమే. అదియు 64 కిలోబైట్ల తునకలుగా వాడుకొనవలయును. యూనిక్సు క్రమణికలు విశాలమైన యేకక్షేత్రము నూహించి వ్రాయబడినవి. మఱియు యూనిక్సు యంత్రములం దొక క్రమణిక దారి తప్పినచో నది యొక్కటియే నశించును. డాసున నడ్డుగోడ లేదు గనుక నా తప్పు వ్యవస్థనే పడగొట్టవచ్చును. అప్పుడు వ్రాయబడుచున్న గ్రంథము సగములో నిలిచిపోవును.

ఆజ్ఞావాక్యమునకును మితి గలదు. డాసు క్రమణికకు ఆజ్ఞతో నందించు మాటలు 126 అక్షరములకు మించరాదు. యూనిక్సున నక్షత్రపు గుర్తు నిచ్చినచో దానికి సరిపోవు ఫైలు పేరులనన్నింటిని ఆజ్ఞావ్యాఖ్యాత యగు షెల్ విప్పి క్రమణికకు నందించును. క్రమణిక కా పని తెలియ నక్కఱలేదు. డాసున షెల్ విప్పదు, క్రమణికయే విప్పుకొనవలయును. ఆ పని యెఱుగని యూనిక్సు క్రమణిక నక్షత్రమునే ఫైలు పేరుగా దలచి యట్టి ఫైలు లేదని చెప్పును. ఫైలునకు స్వామి యెవరు, చదువ నెవరికి హక్కు, మార్ప నెవరికి హక్కు అను వివేకము డాసున లేదు. కాలమునైన రెండేసి సెకండ్ల లెక్కనే గుర్తించును. ఏది ముందు, ఏది వెనుక అని కాలమును బట్టి నిర్ణయించు మేక్ వంటి పరికరములు దీనివలన నప్పుడప్పుడు మోసపోవును.

ఇట నొక యాక్షేపము పుట్టవచ్చును: ఈ లోపములను దొలగించు నుపాయములు వచ్చినవి గదా యని. నిజమే. 1989లో డీజే డెలోరీ అనునతడు స్వేచ్ఛాక్రమణికలైన గ్నూ సంఘమువారి సీ అనువాదకమును డాసునకు దెచ్చుటకు బూనుకొనెను. అది డీజేజీపీపీ అను పేర బ్రసిద్ధి కెక్కెను. 386 యంత్రము యొక్క విశాలక్షేత్రమును వాడుకొనుటచే 640 కిలోబైట్ల సంకెల తెగెను. నక్షత్రపు గుర్తును విప్పుట, దీర్ఘమైన యాజ్ఞావాక్యమును దన వర్గపు క్రమణికలకు రహస్యముగ నందించుట, రెండు విధముల వాలుగీతల నంగీకరించుట మొదలగు కార్యములను దాని గ్రంథాలయమే నిర్వహించును. 1995లో విండోస్ 95తో దీర్ఘనామములును వచ్చినవి. చిన్నపేరు వెనుక నలకొమ్ము గుర్తుతో నంకె నుంచి రెంటికి బొత్తు గూర్చిరి.

అయినను మూలమున లేనిదానిని గ్రంథాలయము సృష్టింపజాలదు. డీజేజీపీపీలో ఫోర్కు నడుగువానికి 'కాదు' అను నుత్తరమే వచ్చును. దాని నాళము లిప్పటికిని తాత్కాలిక ఫైలులే. దీర్ఘనామములు వచ్చిన తరువాతను, చూపులో బెద్ద చిన్నలు నిలిచినను, పోల్చుటలో 'మాట', 'మాత' లొక్కటియే. అందుచే స్థానివద్భావము పేరుకు విస్తరించెనే గాని హద్దు చెరగలేదు.

డాసును నిందించుటయు న్యాయము గాదు. అల్పమైన యంత్రమున, అల్పమైన వెలకు, ఒక్క మనుష్యునకు వలయు పనిని జేయుటకై పుట్టినది. ఆ పనిని జక్కగనే చేసినది. 1994లో జిమ్ హాల్ ఆరంభించిన ఫ్రీడాసు నేటికిని వృద్ధి బొందుచున్నది. యూనిక్సు వంశీయమైన లినక్సు 1991లో వెలువడి, సామాన్యుల యంత్రములకును వెల లేక లభించుటచే, నేడు డాసుపై యూనిక్సు పరికరములను నడపవలసిన బలవంత మెవరికిని లేదు. మిగిలిన దొక్కటే - ఆ కాలపు డిస్కులలోని పాఠముల సంరక్షణము.

ఆ పని కవలంబింపదగిన క్రమ మిది. ముందుగా డిస్కునందలి ఫైలుల నున్నవి యున్నట్లు బైటు మారకుండ నొక ప్రతి తీసి, దానిని ముట్టక యుంచవలయును. ఎనిమిదక్షరముల చిన్నపేరు లే గ్రంథభాగములను సూచించునో యొక పట్టిక వ్రాసి, పేరు లట్లేయుంచి, పని ప్రతులకే క్రొత్తపేరు లిడవలయును. సంకేతము ఆర్టీఎస్సా, ఇస్కీయా, ఒక ముద్రణాలయపు ఫాంటు సంకేతమా యని నిర్ణయింపక యే మార్పును జేయరాదు. పిదప పంక్త్యంతములను యూనిక్సు రీతికి మార్చి, తుదనున్న 26ను దొలగించి, యూనికోడునకు దెచ్చి, అటు తరువాతనే డిఫ్, సార్ట్ మొదలగువానిని బ్రయోగింపవలయును. యూనికోడునందు 1991 నుండియు దెలుగునకు స్థానము గలదు. యూటీఎఫ్-8 రీతిలో నొక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. 'కృష్ణ' అను చిన్నమాటకు బదునైదు బైట్లు వలయును. డాసు పేరునకు గల యెనిమిది బైట్లలో నది యిముడదు. కావున మార్చిన ఫైలులను మరల డాసు యంత్రమునకు గొనిపోవుట వ్యర్థము.

పదసూచికను బ్రకటించువారును, ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము జేయువారును, మూలఫైలు లే వ్యవస్థయందు బుట్టినవో, ఏ సంకేతమున నున్నవో, ఏ పరికరముచే బేర్చబడినవో పీఠికయందు దెలుపుట మంచిది. తాళపత్రప్రతి యెచ్చట దొరకినది, ఎవరి వ్రాత, ఎన్ని పత్రములు శిథిలములు అని చెప్పుట యెట్లు పరిష్కర్తకు విధియో, ఇదియు నట్లే. అప్పుడు ల-ళల తారుమాఱు కనబడినచోట నది కవి ప్రయోగమా, లేఖకుని ప్రమాదమా, యంత్రము యొక్క యవధియా యని తరువాతివారు వివేచింపగలుగుదురు.